పాత అనలాగ్ మిక్సింగ్ కన్సోల్ నాదాన్ని నమ్మదగినట్టుగా అంచనా వేయడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాను. ఇంగ్లండులో 1980లలో తయారైన 24 చానెళ్ల అనలాగ్ కన్సోల్ (పలు మైకుల, వాద్యాల శబ్దాలను కలిపే పరికరం) ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి వివరాలు అడిగితే, అమ్మేవారు రెండు ఆడియో ఫైళ్లు పంపారు. మొదటిది కంప్యూటర్‌లోనే మిక్స్ చేసిన పాట. రెండవది అదే పాట కన్సోల్ గుండా వెళ్లి వచ్చినది. రెండవది నిండుగా వినిపిస్తున్న మాట నిజమే కానీ, ఆ నిండుదనం కన్సోల్ వల్ల వచ్చిందా, మరేదైనా కారణం ఉందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. డబ్బు చేతులు మారకముందే పరీక్షించుకునే పద్ధతి తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

ముందుగా ఆ రెండు ఫైళ్ల సగటు స్థాయిని కొలిచి చూడండి. రెండింటి మధ్య అర డెసిబెల్ తేడా ఉన్నా, పెద్దగా మోగుతున్న ఫైలు మన చెవికి పెద్దగా ఉన్నట్టు కాక, బాగున్నట్టు తోస్తుంది. అమ్మకం కోసం తయారుచేసే నమూనాల మహిమ చాలావరకు ఇక్కడే ఉంటుంది. కాబట్టి తేడాను 0.1 డెసిబెల్ లోపుకు తెచ్చాకే వినడం మొదలుపెట్టాలి.

రెండవ సంగతి: కన్సోల్ గుండా వెళ్లిన పాట కంప్యూటర్ నుంచి బయటికి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లింది, మొదటి పాట కదలనే లేదు. అంటే మీరు వింటున్న తేడాలో కన్వర్టర్ల (డిజిటల్ శబ్దాన్ని విద్యుత్ సిగ్నల్‌గానూ, తిరిగి డిజిటల్‌గానూ మార్చే పరికరాల) వాటా కూడా ఉంది. మొదటి పాటను కూడా అవే కన్వర్టర్ల గుండా, మధ్యలో కన్సోల్ లేకుండా ఒక తీగతో తిప్పి రికార్డు చేసి పంపమని అడగండి. ఆ తరువాత ఏది ఏదో మీకు తెలియకుండా మరొకరిని మార్చి మార్చి వినిపించమనండి. పదిసార్లలో తొమ్మిదిసార్లో, అంతకన్నా ఎక్కువో గుర్తుపట్టగలిగితే ఆ తేడా నిజమైనదేనని నమ్మవచ్చు, ఎందుకంటే కేవలం ఊహతో అలా జరిగే అవకాశం వందకు ఒకటి మాత్రమే.

రెండవ సమాధానం

పై మిత్రులు చెప్పిన పద్ధతి సరైనదే. అయితే తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే దేని కోసం వినాలో కూడా తెలుస్తుంది. 1970లో వచ్చిన నీవ్ కంపెనీ 1073 వంటి కన్సోల్ మాడ్యూళ్లలో సిగ్నల్ లోపలికి వచ్చేటప్పుడూ, బయటికి వెళ్లేటప్పుడూ ట్రాన్స్‌ఫార్మర్ దాటుతుంది. సిగ్నల్ స్థాయి పెరిగేకొద్దీ, పౌనఃపున్యం తగ్గేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇనుము దాన్ని ఎక్కువగా వక్రీకరిస్తుంది. అందుకే దాని ప్రభావం బేస్ గిటార్‌లోనో, మృదంగం ఎడమవైపు దెబ్బలోనో తెలిసినంతగా వేణువులో తెలియదు. తక్కువ స్థాయిలో పాటను పంపి "ఏమీ మారలేదు" అనుకోవడం కూడా పొరపాటే.

ఇక 1980ల నాటి కన్సోళ్లలో చాలావాటికి మైక్ ఇన్‌పుట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. సిగ్నల్‌ను పెంచే 5534 వంటి ఆప్‌యాంప్ చిప్‌లు ఉంటాయి. అవి శుభ్రంగా పనిచేసేందుకు తయారైనవి. మీరు చూస్తున్నది అటువంటిదైతే, నీవ్ గురించి చదివిన వర్ణనలను దానికి అంటగట్టి కొనకండి. ముందు సర్క్యూట్ చిత్రం సంపాదించండి. ఒకే మోడల్‌లోనూ తేడాలుంటాయి: ఎస్‌ఎస్‌ఎల్ కంపెనీ 4000 ఇ కన్సోల్‌లో గోధుమరంగు నాబ్‌ల ఈక్వలైజర్ వేరు, నల్లరంగు నాబ్‌లది వేరు.

పాత ఆల్బమ్‌లు విని కన్సోల్‌ను అంచనా వేసే అలవాటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈఎంఐ స్టూడియోలో వాల్వ్‌లతో నడిచే రెడ్ (REDD) కన్సోళ్ల స్థానంలో ట్రాన్సిస్టర్లతో నడిచే టీజీ 12345 వచ్చాక, బీటిల్స్ 1969లో చేసిన 'యాబీ రోడ్' ఆల్బమ్ నాదం మెత్తబడిందని వారి ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ అన్నారు. ఆయన చెవిని శంకించను. కానీ అప్పటికే నాలుగు ట్రాక్‌ల టేపు పోయి ఎనిమిది ట్రాక్‌ల టేపు వచ్చింది, పాటలూ వాద్యకారుల తీరూ మారాయి. వాటిలో కన్సోల్ వాటా ఎంతో ఆ ఆల్బమ్ విని విడదీయడం సాధ్యం కాదు.

మూడవ సమాధానం

ఒక్క స్టీరియో పాటను రెండు చానెళ్ల గుండా పంపితే మీరు కొనబోయేది ఇరవై నాలుగింటిలో రెండే తెలుస్తాయి. పైగా అమ్మేవారు ఆరోగ్యంగా ఉన్న రెంటినే ఎంచుకుంటారు. అన్ని ఫేడర్లనూ (స్థాయిని మార్చే మీటలను) సున్నా గీత దగ్గర ఉంచి, ఇన్‌పుట్ ఏమీ ఇవ్వకుండా మిక్స్ బస్ (చానెళ్లన్నీ కలిసే మార్గం) రొదను ఒక నిమిషం రికార్డు చేయమనండి. సమానమైన రొద గల 24 చానెళ్లు కలిస్తే ఒక్క చానెల్ కంటే సుమారు 14 డెసిబెళ్లు పెరగడం సహజం. అంతకు మించి ఉంటే ఏదో చానెల్ చెడిందని అర్థం, ఒక్కొక్క ఫేడర్‌నూ దించుతూ పోతే అది దొరుకుతుంది. ఆపైన ఒక చానెల్‌కు 10 కిలోహెర్ట్జ్ స్వరం ఇచ్చి దాన్ని మ్యూట్ చేసి, బస్‌లో ఎంత కారుతోందో వినండి.

ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల వల్ల కింది స్వరాలు సన్నబడటాన్ని "పాతకాలపు తియ్యదనం" అని అమ్మేవారూ ఉన్నారు. చానెల్‌కూ చానెల్‌కూ 40 హెర్ట్జ్ దగ్గర స్థాయి మారుతుంటే అది తియ్యదనం కాదు, మరమ్మతు ఖర్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఫైళ్లను కొలిచాను, రెండవది 0.8 డెసిబెల్ ఎక్కువగా ఉంది. సమం చేశాక తేడా చాలావరకు తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. బస్ రొద, తీగ గుండా తిప్పిన ఫైలు పంపమని ఈ రోజే రాస్తున్నాను. పవర్ సప్లై విషయంలో ప్రత్యేకంగా అడగవలసింది ఏమైనా ఉందా?

మూడవ సమాధానం ఇచ్చినవారు

ఉంది. కన్సోల్‌ను కనీసం ఒక గంట వేడెక్కనిచ్చాకే ఆ రొదను రికార్డు చేయమనండి. అమ్మేవారి చోట విద్యుత్తూ మనదీ 50 హెర్ట్జ్‌దే కనుక, స్పెక్ట్రమ్‌లో 100 దగ్గర నిటారుగా గీత లేస్తే సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించాలి. 50 దగ్గర లేస్తే గ్రౌండింగో, దగ్గరలోని ట్రాన్స్‌ఫార్మరో కారణం కావచ్చు. మొదటిది కన్సోల్‌తోపాటు మీ ఇంటికి వస్తుంది; రెండవది అక్కడే ఉండిపోవచ్చు కాబట్టి, దాన్ని చూపి ధర తగ్గించమని అడగడం మాత్రం న్యాయం కాదు.