సంతకాలతో కార్డులు తిరిగొస్తున్నాయి, ఇంట్లోవాళ్లకు మాత్రం ఏమీ తెలియట్లేదు. మీ బడుల్లో ఏం చేస్తున్నారు?

లెక్కల మేడమ్ (జగిత్యాల జిల్లా)

అందరికీ నమస్తే. మాది జెడ్పీ హైస్కూల్. ఈ ఏడు తొమ్మిది-బికి క్లాస్ టీచర్‌ని. ఎఫ్ఏ-2 (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు వేసి ప్రోగ్రెస్ కార్డులు ఇళ్లకు పంపాను, అన్నీ సంతకాలతో తిరిగొచ్చాయి. ముగ్గురు పిల్లల తల్లులు ఒకే నీలం జెల్ పెన్నుతో, ఒకే గుండ్రటి రాతలో సంతకం చేశారు! ఆ రాత ఎవరిదో నాకు తెలుసు, రోజూ నోట్సులో దిద్దేదే.

ఊళ్లో చాలా ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, తల్లి బీడీలు చేస్తుంది. మూడో శనివారం పొద్దున పేరెంట్స్ మీటింగ్ పెడతాం. సరిగ్గా అదే టైముకు వాళ్లు కంపెనీ దగ్గర కట్టలు అప్పజెప్పి ఆకు, తంబాకు తెచ్చుకోవాలి. బాగా లేవని కొన్ని బీడీలు ఏరి పక్కన పడేస్తారు కదా, ఎదురుగా నిలబడకపోతే లెక్క ఇంకా తగ్గుతుందని భయం. దాన్ని వదులుకుని బడికి రమ్మని ఏ నోటితో అడగను? వచ్చే కొద్దిమందీ బాగా చదివే పిల్లల అమ్మలే.

వాట్సాప్ గ్రూపు ఉంది, ఫోను పిల్లల చేతిలో ఉంది. 'రేపు స్లిప్ టెస్ట్' (క్లాసులో పెట్టే చిన్న రాతపరీక్ష) అని పెడితే పావుగంటలో 'ఓకే మేడమ్' అని వస్తుంది. ఆ అమ్మకు చదవడం రాదు.

అసలు గొడవ కార్డులోనే ఉంది. ఎఫ్ఏ 20 మార్కులు. తరగతిలో పాల్గొనడానికి 5, రాతపనికి 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టుకు 5. మా క్లాసులో ఒకబ్బాయికి మొదటి మూడింట్లో నాలుగేసి వచ్చాయి. ప్రాజెక్టు గైడు చూసి ఎక్కించినా అందరికీ నాలుగు పడతాయి, మన దగ్గర దాపరికం ఎందుకు. స్లిప్ టెస్టులో 1. మొత్తం 13. ఇంట్లో చూసేది ఆ పదమూడునే. 'ఇరవైకి పదమూడు, బాగానే ఉన్నడు' అనుకుంటారు. తర్వాత ఎస్ఏ-1 (సమ్మేటివ్ అసెస్‌మెంట్, అంటే పెద్ద పరీక్ష) రాతపరీక్ష 80 మార్కులకు వస్తుంది, పందొమ్మిదో ఇరవయ్యో తెచ్చుకుంటాడు, అప్పుడు ఇంట్లో దెబ్బలు. జూలై నుంచీ వాడికి భిన్నాలు రావని నాకు తెలుసు. వాళ్లమ్మకు తెలియలేదు.

హెచ్ఎం గారు మార్కుల జాబితా మొత్తం గ్రూపులో పెట్టేయమంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. వేరే దారి ఏదైనా నడిచిందా మీ దగ్గర?

సోషల్ సార్ (కర్నూలు జిల్లా)

మేడమ్, మా తావ ఇంకో రకం. దసరా దాటితే పత్తి తీయడానికి, తర్వాత మిరపకాయలు కోయడానికి ఊరికి ఊరే గుంటూరు వైపు పోతుంది. ముసలివాళ్లు, బడి పిల్లలు మిగులుతారు. కొందరు పిల్లలూ పోతారు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు గదా. తల్లులకు ముగ్గులు, తండ్రులకు టగ్ ఆఫ్ వార్, పిల్లలతోపాటే భోజనం. బాగా జరిగింది, కాదనను. మామూలుగా బడి గడప తొక్కని వాళ్లు గూడా వచ్చినారు. కానీ మార్కుల ముచ్చట మనిషికి రెండు నిమిషాలు గూడా దక్కలేదు. వలస పోయినోళ్ల పిల్లలకు అవ్వలో తాతలో వచ్చి కూర్చున్నారు.

నేను చేసేది ఒకటే. వలసకు తీస్కపోయే మేస్త్రీ నంబరు తీసి పెట్టుకుంటా. రాత్రి ఏడున్నర దాటినాక, వాళ్లు గుడారాల కాడికి చేరి వంట మొదలుపెట్టే వేళకు ఫోన్ చేస్తే పిలిచి ఇస్తాడు. మార్కులు చదవను. 'మీవాడు ఈ వారం రెండు దినాలు రాలేదు, అవ్వకు చెప్పకుండా చెరువుకాడ ఉన్నాడు' అంటా. అంతే. తెల్లారి పిల్లాడు బడిలో ఉంటాడు.

రియాద్ నుంచి ఒక నాయిన

మేడం నమస్తే. నాది మీ దిక్కే. జాబితా గ్రూపుల వెట్టకుండ్రి, దండం వెడ్త. పోయినేడు మా తమ్ముని బిడ్డ మార్కులు గట్లనే గ్రూపుల ఏస్తే, తెల్లారి బీడీల కంపెనీ కాడ పదిమంది ఆడోళ్లు గదే ముచ్చట. పిల్ల నాలుగొద్దులు బడికి పోనన్నది.

మమ్ముల గూడ లెక్కల వట్టుకోండ్రి. కార్డు మీద తండ్రి పేరు మాదే ఉంటది, ఫోన్ మాత్రం మాకెవ్వరు చెయ్యరు. మాకు శుక్రవారం సెలవు. మీకు రాత్రి ఎనిమిదైతే మాకు సాయంత్రం అయిదున్నర. గప్పుడు ఐఎంఓ యాప్‌ల వీడియో కాల్ చేసి ఇంటికి మాట్లాడుత. మావోడు కార్డు చూపిస్తడు గని వేలు అడ్డం వెట్టి మొత్తం మార్కులే చూపిస్తడు! మీరు చెప్పిన ఆ స్లిప్ టెస్టు సంగతి నాకు ఇయ్యాల్నే ఎరుక. కార్డు ఫొటో సక్కగ నాకే పంపుండ్రి. పిల్లగాన్ని కొట్టుమని ఇంట్ల చెప్ప, వానితోని నేనే మాట్లాడుకుంట.

రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ హెచ్ఎం (నిజామాబాద్)

అందరూ బాగానే చెప్తున్నారు. ముఖం చూపించే హాజరు యాప్, మధ్యాహ్న భోజనం లెక్క, ఆన్‌లైన్‌లో మార్కుల ఎంట్రీ, ఇవన్నీ అయ్యాక రాత్రి ఎనిమిదికి దేశదేశాలకు ఫోన్లు కూడా టీచరే చేయాలా? ఆమెకూ ఇల్లు, పిల్లలు ఉంటారు. నలభైమందికి తలా పది నిమిషాలు వేసి చూడండి.

తల్లుల్ని బడికి రప్పించే పని పక్కన పెట్టి, వాళ్లు ఎలాగూ చేరే చోటికి మీరే వెళ్లండి. మహిళా సంఘం మీటింగ్. కిస్తీ కట్టాలి కాబట్టి అక్కడికి తప్పకుండా వస్తారు, వాళ్ల పని చూసుకునే టైం పెట్టుకుంటారు. 2024 నుంచి మన బడుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి కదా, దాని అధ్యక్షురాలు ఊళ్లో మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం అధ్యక్షురాలే. ఆమెకు ఒక మాట చెప్తే అరగంట ఇప్పిస్తుంది. మా దగ్గర ఇప్పించింది. కమిటీ అంటే మరుగుదొడ్లు, పెయింటింగ్ బిల్లులే అనుకుంటాం, దీనికీ పనికొస్తుంది.

ఇంకోటి. మొత్తం మార్కులు చెప్పకండి. స్లిప్ టెస్టు కాగితం చేతికివ్వండి. చదువు రాని తల్లికైనా ఎర్ర సున్నాలు కనిపిస్తాయి. అయితే కిస్తీలు కట్టేటప్పుడు అందరి ముందూ ఇవ్వొద్దు, అప్పుడు మీ హెచ్ఎం జాబితాకూ దీనికీ తేడా ఉండదు.

లెక్కల మేడమ్

అందరికీ థాంక్స్. సంఘం మాట నాకు తట్టనే లేదు. అధ్యక్షురాలి కూతురు మా ఎనిమిదో తరగతే, సాయంత్రమే అడిగొచ్చాను. వచ్చే మీటింగుకు రమ్మంది, మీటింగ్ అయ్యాక వరండాలో ఒక్కొక్కరినే పిలుచుకోమంది. స్లిప్ టెస్టు కాగితాలు కట్ట కట్టి పెట్టాను.

రియాద్ అన్నా, అందరికీ ఫోన్ చేయలేను గానీ, స్లిప్ టెస్టులో రెండు లోపు వచ్చినవాళ్ల నాన్నలకు మటుకు గురువారం రాత్రే కాగితం ఫొటో పంపుతాను. శుక్రవారం మీరు చూసుకోండి. నంబర్లు మాత్రం పిల్లల్ని అడగను, తల్లుల దగ్గరే తీసుకుంటాను. పిల్లల్ని అడిగితే ఏ నంబరిస్తారో మనకు తెలియనిదా.

కర్నూలు సార్, ఒక సందేహం. మేస్త్రీ విసుక్కోడా?

సోషల్ సార్ (కర్నూలు జిల్లా)

మొదట్లో విసుక్కున్నాడు మేడమ్. ఈ మధ్య వాళ్ల పిల్ల మార్కులు గూడా నన్నే అడుగుతాండాడు.