లేబుల్ దాచితే పదిహేనేళ్ల బర్బన్ (అమెరికా విస్కీ) ఓడిపోయింది. వయసుకు పెట్టే డబ్బు వృథాయేనా?

ఓహాయో ఒడ్డు:
మొన్న శనివారం అమెరికాలో, కెంటకీలోని లూయివిల్‌లో మా ఇంట్లో ఆరుగురం కూర్చున్నాం. ముందు రెండు సీసాలు: ఒకటి వెల్లర్ 12, ఇంకొకటి ప్యాపీ వాన్ వింకిల్ 15. ఆ అంకెలు పీపాలో ఉంచిన ఏళ్లు. రెండూ బఫెలో ట్రేస్ డిస్టిలరీ నుంచి వచ్చే, మొక్కజొన్నకు తోడు గోధుమ వేసి చేసే బర్బన్లే. మా ఆవిడ వంటగదిలో పోసి, గ్లాసుల అడుగున అంకెలు అంటించి తెచ్చింది. ఏది బాగుందో చీటీ రాయమంటే నలుగురు పన్నెండేళ్లదే రాశారు. ప్యాపీ కోసం జనం అసలు ధరకు ఎన్నో రెట్లు పోస్తున్నారు. ఆ మూడేళ్లకు అంత విలువ ఉందా? నాకైతే లేదనిపిస్తోంది.

గోధుమ గింజ:
మీరు పరీక్షించింది వయసును కాదండీ, ఘాటును. వెల్లర్ 12లో ఆల్కహాలు 45 శాతం. ప్యాపీ 15లో 53.5. పక్కపక్కన పెట్టి రెండు గుక్కలు తాగితే రెండోది నాలుకను కాలుస్తుంది, మెత్తగా ఉన్నదానికే చీటీ పడుతుంది. 30 మిల్లీలీటర్ల ప్యాపీకి దాదాపు 6 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే రెండూ సమానమయ్యేవి. కలిపారా?

ఓహాయో ఒడ్డు:
కలపలేదు. సీసాలో ఎలా అమ్ముతారో అలాగే తాగాలి కదా.

పల్లీల పొట్లం:
పక్కన ఉల్లిపాయ పకోడీలు ఉన్నాయా లేవా, ముందు అది చెప్పండి.

మూడో గ్లాసు:
ఆరుగురిలో నలుగురు అంటే ఏమీ తేలనట్టే. ఆరుసార్లు నాణెం ఎగరేసి చూడండి. నాలుగో అంతకన్నా ఎక్కువో బొమ్మలు పడడం మూడింట ఒకసారి జరుగుతుంది. అసలు తేడా తెలుస్తోందా అన్నది ముందు చూడాలి. మూడు గ్లాసులు పెట్టి, రెండింటిలో ఒకటే సరుకు పోసి, వేరుగా ఉన్నది ఏదో పట్టుకోమనండి. ఆరుగురిలో ఐదుగురు పట్టుకుంటే నమ్ముతాను. ఊహించి చెబితే అలా కుదరడం నూటికి రెండుసార్లు కూడా ఉండదు.

బావగారి బాధితుడు:
ఈ లేబుల్ దాచే ఆటలు మనిషిని నవ్వులపాలు చేయడానికే. మా బావగారు ఒక ఖరీదైన ఖాళీ సీసాలో మామూలు బర్బన్ నింపి నాకు పోశారు. నేను తేనె, ఎండు ద్రాక్ష, పాత తోలు అంటూ వర్ణించాను. ఎనిమిదేళ్లయింది. సంక్రాంతి వచ్చిందంటే ఇప్పటికీ "ఏమోయ్, తోలు వాసన వస్తోందా?" అంటారు.

మూడో గ్లాసు:
అది లేబుల్ దాచడం కాదు, తప్పుడు లేబుల్ చూపడం. రెంటికీ పొంతన లేదు.

బావగారి బాధితుడు:
నవ్వింది మిమ్మల్ని కాదు కాబట్టి పొంతన కనిపించదు.

పాత పీపా:
వయసు పెరిగితే రుచి పెరుగుతుందన్నది స్కాచ్ నుంచి వచ్చిన లెక్క. వాళ్లు ఎక్కువగా వాడేసిన పీపాలే తెచ్చుకుంటారు, చల్లటి ఊళ్లలో నింపాదిగా ఉంచుతారు. బర్బన్‌కు అమెరికా చట్టం ప్రకారం లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాయే వాడాలి. పైగా కెంటకీ వేసవి. గోదాము పై అంతస్తుల్లో పీపాలు ఉడికిపోతాయి. మొదట వెనిల్లా, కొబ్బరి వాసన ఇచ్చిన చెక్కే ఆ తర్వాత పొయ్యి మీద మరిచిపోయిన టీ డికాషన్‌లా వగరు దింపుతుంది. నా నాలుకకు ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్యవే నచ్చుతాయి. ఇరవై దాటినవి కొన్ని తాగాను, చెక్క నమిలినట్టే ఉంది.

బెంగళూరు ఎండ:
మా ఊళ్లో అమృత్ విస్కీ పీపాల్లోంచి ఏటా దాదాపు పదో వంతు ఆవిరైపోతుంది. ఇక్కడ పదిహేనేళ్లంటే తాగడానికి మిగిలేది ఎంతో మీరే లెక్క వేయండి.

గోధుమ గింజ:
పీపా గారి మాట బాగుంది కానీ నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. వయసే తేల్చాలనుకుంటే వెల్లర్ 12 పక్కన ప్యాపీ 20 పెట్టాలి, అది 45.2 శాతం. లేదంటే నీళ్లు కలపాలి. రెండూ చేయకుండా "విలువ లేదు" అనే తీర్పు ఎలా ఇచ్చారు?

ఓహాయో ఒడ్డు:
మళ్లీ అదే నీళ్ల గొడవ. మీకు అంత బాధెందుకో అర్థం కావడం లేదు. నలుగురికి నచ్చలేదు, అంతే. డబ్బు పోసినవాళ్లకు ఒప్పుకోవడం కష్టంగానే ఉంటుంది.

గోధుమ గింజ:
సరే, ఇంక మీరూ గారూ అనలేను. ఆ సీసా నీ దగ్గరికి ఎలా వచ్చిందో ఎందుకు రాయలేదు? నీ నలభయ్యో పుట్టినరోజుకు నేనిచ్చాను. ఆ సీసా కొనే అవకాశం కోసం ఒక దుకాణం పెట్టే లాటరీలో నాలుగేళ్లు పేరు వేస్తే ఒక్కసారి తగిలింది. నాతో ఒక్క మాట అనకుండా మూత తీశావు. అంకె వేసిన గ్లాసు నా చేతికే ఇచ్చి, వెల్లరే మేలని నా చేతనే రాయించావు. ఆ నలుగురిలో నేనొకణ్ణి. ఇప్పుడు అది వృథా డబ్బని ఊరంతటికీ చెబుతున్నావు.

పల్లీల పొట్లం:
అమ్మో.

ఓహాయో ఒడ్డు:
ముందే చెబితే అది పరీక్ష ఎలా అవుతుంది? నీ పేరు నేనెక్కడా రాయలేదు, నువ్వే బయటపడ్డావు. అయినా ఇచ్చాక అది నా సీసా.

గోధుమ గింజ:
నీదే. కాదనలేదు. ఇద్దరమే కూర్చుని తెరుస్తామనుకున్నాను.

బావగారి బాధితుడు:
నేను మొదటినుంచీ చెబుతున్నది ఇదే.

మూడో గ్లాసు:
మీరు చెప్పింది ఇది కాదు.

ఓహాయో ఒడ్డు:
సగానికి కాస్త తక్కువ మిగిలింది. ఆదివారం ఇంట్లోనే ఉంటాను. ఎవరినీ పిలవను.

గోధుమ గింజ:
చూస్తాను. వస్తే మాత్రం నీళ్లు కలపొద్దు.

పాత పీపా:
అది సరే, అంత తేలిగ్గా దొరకని వెల్లర్ 12 అసలు ధరకు ఎక్కడ దొరికిందో ఎవరూ అడగలేదేం?