చెన్నై చెమటకీ వానకీ ఏ ఇయర్‌బడ్స్ తట్టుకుంటాయి? ఐపీఎక్స్4 చాలా, ఐపీఎక్స్7 కావాలా?

తిరువాన్మియూర్_పరుగు:
పొద్దున బెసంట్ నగర్ బీచ్ రోడ్డు మీద గంట పరుగు, సాయంత్రం జిమ్. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడి వాన సంగతి తెలిసిందే. బడ్జెట్ 10 వేలు, కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు.

నాకు అర్థం కానిది ఇది. అంత ఖరీదైన సోనీ డబ్ల్యూఎఫ్-1000ఎక్స్ఎం5కి ఐపీఎక్స్4 మాత్రమే. చవగ్గా వచ్చే బోట్ ఎయిర్‌డోప్స్ 441కి ఐపీఎక్స్7. అంటే చవకదే గట్టిదా? ఈ అంకె రెండేళ్ల తర్వాత కూడా అలాగే ఉంటుందా? అసలు ఇవి పాడైతే ముందు ఏ భాగం పోతుంది?

టంకం_పెట్టె:
ఆ అంకె దేన్ని కొలుస్తుందో తెలిస్తే సగం అయోమయం పోతుంది. ఐఈసీ 60529 ప్రమాణంలో మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. ఎక్స్ అని ఉంటే దుమ్ము సంగతి కంపెనీ చెప్పలేదని అర్థం. దుమ్ము దూరిపోతుందని కాదు.

నీటి అంకె 4 అంటే అన్ని వైపుల నుంచీ చిందే నీళ్లు. స్ప్రే నాజిల్‌తో అయితే నిమిషానికి 10 లీటర్లు, కనీసం 5 నిమిషాలు. 5 అంటే ధార: 6.3 మిల్లీమీటర్ల నాజిల్, నిమిషానికి 12.5 లీటర్లు, రెండున్నర నుంచి 3 మీటర్ల దూరంలోంచి కనీసం 3 నిమిషాలు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు. 8 అంతకన్నా కఠినం, ఎంత లోతో ఎంతసేపో కంపెనీయే చెప్పాలి.

అందరూ పొరబడేది ఎక్కడంటే, 6 దాకా పై అంకె వస్తే కిందివి కూడా పాసైనట్టే. 7, 8 మాత్రం విడి లెక్క. నిలవ నీళ్లలో మునిగి బతికిన బడ్ కుళాయి ధారకి తట్టుకోవాలని లేదు. రెండు పరీక్షలూ పాసైతే ఐపీఎక్స్5/ఐపీఎక్స్7 అని రెండూ రాస్తారు. కాబట్టి మీకు 441 ఐపీఎక్స్7 కన్నా ఏదైనా ఐపీ55 సెట్టే నయం కావచ్చు. పరుగులో బడ్ మీద పడేది చినుకూ చెమటా, మునక కాదు.

సోనీ సంగతి: బయటి శబ్దం తగ్గించే బడ్స్‌కి మైకులు ఎక్కువ, గాలి ఒత్తిడి సరిచేసే రంధ్రాలూ ఉంటాయి. ప్రతి రంధ్రమూ నీటికి ఒక దారే. ఐపీఎక్స్4 అన్నంత మాత్రాన నాసిరకం అనుకోవద్దు, అది వానలో పరిగెత్తేవాళ్ల కోసం చేసిన సరుకు కాదంతే.

పైగా ఈ పరీక్షలన్నీ కొత్త పీసు మీద, మంచినీళ్లతో. చెమట ఉప్పు, సముద్రపు గాలి, సబ్బు, సన్‌స్క్రీన్ ఏవీ లెక్కలో ఉండవు. సబ్బు నీటి తలతన్యత తగ్గిస్తుంది, మామూలు నీళ్లు ఆగే సన్నటి సందులోకి సబ్బునీళ్లు దూరిపోతాయి. రెండేళ్ల తర్వాత అదే అంకె ఉండదు. నీటి నిరోధకత శాశ్వతం కాదని, మళ్లీ సీల్ చేయడం కుదరదని ఆపిల్ తన సపోర్ట్ పేజీలోనే రాసుకుంది. ఒక్కసారి గట్టిగా నేల మీద పడి అతుకు కాస్త విడిపోయినా కథ అయిపోయినట్టే.

రిచీ_స్ట్రీట్_బాబాయ్:
పైన చెప్పినదంతా నిజమే కానీ అందరూ బడ్ గురించే మాట్లాడుతున్నారు. ముందు పోయేది కేసు. చెమట పట్టిన బడ్‌ని తుడవకుండా కేసులో పడేస్తారు. కేసు పిన్నుల మధ్య ఛార్జింగ్ వోల్టేజీ ఉంటుంది, మధ్యలో ఉప్పునీటి చుక్క. అది అచ్చంగా స్కూల్లో చేసిన ఎలక్ట్రాలిసిస్ ప్రయోగమే. పిన్ను మీది బంగారు పూత సన్నగిల్లి, కింది లోహం బయటపడి పచ్చగానో నల్లగానో చిలుము పడుతుంది. "ఎడమది ఛార్జ్ అవట్లేదు" అనే ఫిర్యాదుకి మొదట అనుమానించాల్సింది ఇదే.

అందుకే కేసు రేటింగ్ విడిగా చూడండి. శాంసంగ్ బడ్స్2 ప్రోలో బడ్‌కి ఐపీఎక్స్7, కేసుకి ఏమీ లేదు. బడ్స్ ఎఫ్ఈ అయితే బడ్‌కే ఐపీఎక్స్2, మీ వాడకానికి వద్దు. నథింగ్ ఇయర్‌లో బడ్ ఐపీ54, కేసు ఐపీ55. దాని చవక తమ్ముడు ఇయర్ ఏలో బడ్ అదే ఐపీ54 కానీ కేసు ఐపీఎక్స్2. వన్‌ప్లస్ బడ్స్ ప్రో 2లో బడ్ ఐపీ55, కేసు ఐపీఎక్స్4. జేబీఎల్ ఎండ్యూరెన్స్ పీక్ 3 ఐపీ68, చెవికి కొక్కెం ఉంటుంది కాబట్టి పరుగులో జారి రోడ్డు మీద పడదు. కేసు మాత్రం పెద్దది, షార్ట్స్ జేబులో ఇబ్బందే. మీ పని చూస్తే నా ఓటు దానికే. ఆఫీసు కాల్స్ కూడా ముఖ్యమైతే వన్‌ప్లస్.

జాబ్రా ఎలీట్ 8 యాక్టివ్ బడ్ ఐపీ68, కేసు ఐపీ54, అంకెల్లో అన్నిటికన్నా బాగుంది. కానీ ఎలీట్ వరస ఆపేస్తున్నట్టు కంపెనీ 2024లోనే చెప్పింది. ఇప్పుడు దొరికేది పాత స్టాకు, బ్యాటరీ కూడా డబ్బాలో కూర్చుని పాతబడి ఉంటుంది. చవగ్గా వచ్చినా ఆలోచించే కొనండి.

పెరంబూర్_94:
బాబాయ్, సరిగ్గా ఆ ఫిర్యాదే ఇక్కడ. ఎడమది కేసులో పెడితే లైటు రావట్లేదు. సూదితో గీకి చూడొచ్చా? ముందు ఓ రాత్రి బియ్యం డబ్బాలో పెట్టమంటున్నారు.

రిచీ_స్ట్రీట్_బాబాయ్:
సూది వద్దు! మిగిలిన పూత కూడా పోతుంది. బియ్యం అన్నానికి ఉంచండి, పిండి దుమ్ము మెష్‌లో, అంటే పాట బయటికొచ్చే సన్నటి జల్లెడలో ఇరుక్కుంటే అదో తలనొప్పి.

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా తెచ్చుకోండి. శానిటైజర్ పనికిరాదు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి. దూది పుల్లని అద్ది, బొట్టు కారకుండా పిండి, బడ్ మీది లోహపు చుక్కల్ని తిప్పుతూ తుడవండి. దూది మీద పచ్చ రంగు వస్తే చిలుమే. శుభ్రంగా వచ్చేదాకా పుల్ల మార్చండి. కేసు లోపలి పిన్నులకి స్ప్రింగ్ ఉంటుంది, చెక్క టూత్‌పిక్ మొనతో ఒక్కొక్కటీ మెల్లగా నొక్కి వదలండి. తిరిగి పైకి రాకపోతే కింద చిలుమో మట్టో పట్టింది. ఒక చుక్క ఆల్కహాల్ వేసి పది పదిహేను సార్లు నొక్కితే చాలావరకు కదులుతుంది. మూత తెరిచి అరగంట ఆరాకే బడ్ పెట్టండి.

మల్టీమీటర్ ఉంటే ఒక హెచ్చరిక: కొన్ని కేసులు బడ్ కూర్చున్నట్టు గుర్తించాకే పూర్తి వోల్టేజీ ఇస్తాయి. ఖాళీ పిన్నుల మీద సున్నా చూపిస్తే కేసు పోయిందని తీర్మానించకండి. కుడి పిన్నులతో పోల్చి చూడండి.

టంకం_పెట్టె:
శబ్దం ఒక వైపు తగ్గిందంటే మాత్రం నీళ్లకన్నా ముందు గుబిలిని అనుమానించాలి. టిప్ తీసి, మెష్ నేల వైపు ఉండేలా పట్టుకుని, మెత్తటి పొడి బ్రష్‌తో కింద నుంచి రుద్దండి. పైకి పెట్టి రుద్దితే చెత్త లోపలికే పోతుంది. నోటితో ఊదకండి, నీటి పొరని మైకులోకి తోసినట్టవుతుంది. వానలో తడిస్తే మెష్‌ని నూలు బట్ట మీద మెల్లగా తట్టండి, చెమ్మ బట్టకి అంటుకొస్తుంది. సిలికాన్ టిప్పుల్ని విడిగా సబ్బుతో కడగొచ్చు, పూర్తిగా ఆరాకే తొడగాలి. ఫోమ్ టిప్పులు చెమటని పీల్చి పట్టుకుంటాయి, జిమ్‌కి వద్దు.

హెయిర్ డ్రయ్యర్, ఎండ రెండూ జిగురుకీ బ్యాటరీకీ శత్రువులు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, మూత తీసిన కేసునీ బడ్స్‌నీ విడివిడిగా రాత్రంతా ఉంచితే చాలు. నీలం గింజలు గులాబీ రంగుకి మారితే జెల్ నిండిందని గుర్తు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. 20 డిగ్రీల ఏసీ గదిలోంచి బయటి చెన్నై ఉక్కలోకి రాగానే కళ్లజోడు మీద మంచు పట్టినట్టే కేసు లోపలా చెమ్మ పడుతుంది. వాన తగలకుండానే చిలుము పట్టే దారి అది. బయటికొచ్చిన వెంటనే మూత తెరవకండి, సంచిలోనే పది నిమిషాలు ఉంచి తీయండి.

తిరువాన్మియూర్_పరుగు:
అయితే జేబీఎలే ఖాయం చేస్తున్నా. ఐపీ68 కదా, వారానికోసారి ఈత కొలనులో వాడొచ్చా? నీళ్లు పోయి పాడైతే వారంటీ వస్తుందా?

టంకం_పెట్టె:
బడ్ చావకపోవచ్చు కానీ పాట రాదండి. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్, తల నీళ్లలోకి వెళ్లగానే సిగ్నల్ తెగుతుంది. పాటలు తనలోనే దాచుకునే షాక్స్ ఓపెన్‌స్విమ్ లాంటిది వేరే కొనాలి.

వారంటీ విషయానికొస్తే, రేటింగ్ ఎంతున్నా ద్రవం వల్ల కలిగే నష్టాన్ని చాలా కంపెనీలు మినహాయిస్తాయి. కొనేముందు వారంటీ కార్డులో ఆ ఒక్క వాక్యం చదవండి. పరుగు ముగిశాక సముద్రపు ఉప్పు పోయేలా మంచినీళ్లతో తడిపిన బట్టతో బడ్స్ ఒకసారి, తర్వాత పొడి బట్టతో మరోసారి తుడిచి, పది నిమిషాలు గాలికి పెట్టాకే కేసులో వేయండి.