అవతలి పక్క చుట్టాలుంటే దేశం మీద ప్రేమ తగ్గుతుందా?

సరిహద్దు_సందేహం:
నిన్న ఒక ఫ్రెండ్‌తో వాదన పడ్డా, ఇంకా తలలో తిరుగుతోంది అందుకే ఇక్కడ అడుగుతున్నా. వాడనేదేంటంటే బోర్డర్ పక్కన ఉండేవాళ్ళు, అవతలి దేశం భాషే మాట్లాడుతూ అటు పిల్లనిచ్చి ఇటు పిల్లని తెచ్చుకునేవాళ్ళు, ఎన్ని తరాలైనా పూర్తిగా ఈ దేశపోళ్ళు అవ్వరట, యుద్ధమొస్తే ఎటుంటారో చెప్పలేమట. నాకది తప్పనే అనిపిస్తోంది గానీ గట్టిగా ఎదురు చెప్పడానికి నా దగ్గర సరుకు లేదు. అందరికీ ఒకే భాష ఒకే బడి అని రుద్దితే కలుస్తారా, ఎవరి మానాన వాళ్ళని వదిలేస్తే కలుస్తారా? తిట్టుకోకుండా చెప్పండి ప్లీజ్ 🙏

మ్యాప్_పిచ్చోడు:
మీ ఫ్రెండ్‌కి డెన్మార్క్-జర్మనీ బోర్డర్ చూపించండి. ష్లెస్విగ్ అని ఒక ప్రాంతం, 1864 యుద్ధంలో డెన్మార్క్ చేజారింది. 1920లో ఓటింగ్ పెడితే ఉత్తరం వాళ్ళు డెన్మార్క్ కావాలన్నారు, ఫ్లెన్స్‌బర్గ్ ఉన్న కింది భాగం జర్మనీయే అంది. గీత ఎక్కడ గీసినా అటు కొందరు ఇటు కొందరు ఇరుక్కుపోతారు కదా, ఇక్కడా అంతే. 1955లో రెండు ప్రభుత్వాలూ చెరో ప్రకటన చేశాయి, అందులో నాకు భలే నచ్చిన ముక్క ఏంటంటే, నేను ఫలానా మైనారిటీ అని ఒక మనిషి అంటే అంతే, ఆఫీసర్లు కాదనడానికీ లేదు, ఆరా తీయడానికీ లేదు. పార్లమెంటులోకి రావాలంటే ఏ పార్టీకైనా కనీసం 5 శాతం ఓట్లు పడాలన్న రూల్ కూడా జర్మనీలోని డేనిష్ వాళ్ళ పార్టీకి వర్తించదు, 2021లో ఒక సీటు గెలిచి బెర్లిన్ పార్లమెంటుకి వెళ్ళారు. జేబులో జర్మన్ పాస్‌పోర్ట్, పిల్లలేమో డేనిష్ బడికి. దానివల్ల జర్మనీకి వచ్చిన నష్టమేంటో మీ ఫ్రెండ్‌నే చెప్పమనండి.

కాఫీ_తర్వాత:
@మ్యాప్_పిచ్చోడు ఉదాహరణ బాగుంది గానీ బ్రో, మరీ నల్లేరు మీద నడకలా చెప్పేశారు. డెన్మార్క్ అప్పటికే ఉన్న నాటో సైనిక కూటమిలో పశ్చిమ జర్మనీ చేరింది కూడా 1955లోనే, ఆ అవసరం లేకపోతే అంత తొందరగా రాజీ కుదిరేదా అని నా డౌట్.

దక్షిణ టైరోల్ చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఆస్ట్రియా నుంచి ఇటలీకి వెళ్ళింది, జనం మాట్లాడేది జర్మన్. ముస్సోలినీ జర్మన్ బళ్ళు మూయించి ఊళ్ళ పేర్లు కూడా ఇటాలియన్‌లోకి మార్పించాడు. 1939లో హిట్లర్‌తో మాట్లాడుకుని, జర్మనీకి పోతారా, ఇటాలియన్లుగా ఉండిపోతారా తేల్చుకోండి అన్నారు. ఎక్కువమంది పోతామనే అన్నారు! రుద్దితే ఏమవుతుందని అడిగారుగా, ఇదే అవుతుంది. 1961లో అక్కడి జర్మన్ భాషవాళ్ళలో కొందరు కరెంటు టవర్లు కూడా పేల్చారు. 1972 స్వయంప్రతిపత్తి చట్టంతో గానీ వేడి తగ్గలేదు. కానీ అక్కడ ఇప్పటికీ ప్రభుత్వ ఉద్యోగాలు భాషా జనాభా వాటాల ప్రకారమే, నువ్వే గుంపో రాసివ్వాలి, జర్మన్ పిల్లల బడి వేరు, ఇటాలియన్ పిల్లల బడి వేరు. బాంబులు ఆగాయి, సంతోషం. కలిసిపోయారా అంటే మాత్రం నేను అవునని చెప్పలేను.

రాత్రి_పాఠకురాలు:
యూరప్ దాకా ఎందుకండీ, ఛిట్‌మహల్‌లు గుర్తులేవా. బంగ్లాదేశ్ లోపల మన దేశం ముక్కలు 111, మన లోపల వాళ్ళ ముక్కలు 51. పేరుకి ఒక దేశం, చుట్టూ ఇంకో దేశం, బడి లేదు ఆస్పత్రి లేదు ఓటు లేదు. పిల్లాడిని స్కూల్లో వెయ్యాలంటే పక్కూరాయన పేరు తండ్రిగా రాయించుకున్నవాళ్ళున్నారు. 2015 జులై 31 అర్ధరాత్రి మార్పిడి జరిగినప్పుడు మీకే దేశం కావాలో చెప్పండన్నారు. అటువైపు ముక్కల్లో ఉన్న సుమారు 37 వేల మందిలో ఇండియాకి వచ్చినవాళ్ళు వెయ్యిమంది కూడా లేరు, ఇటువైపు ముక్కల్లో ఉన్నవాళ్ళయితే ఇండియా చాలన్నారు. అంటే రెండు చోట్లా దాదాపు అందరూ తాము దున్నుకుంటున్న నేల ఎక్కడుంటే అక్కడే ఉండిపోయారు.

మూడో_అంతస్తు:
కలపాలని బలవంతంగా కలిపిన చోటు సింగపూర్. 1989 నుంచి సర్కారీ ఫ్లాట్లలో ఒక్కో బ్లాకుకి చైనీయులు ఇంతమంది, మలయ్‌లు ఇంతమంది, భారతీయులు ఇంతమంది అని పరిమితి. ఒకే లిఫ్టులో ఎక్కాల్సిందే 😀 కాకపోతే ఇల్లు అమ్ముకునేటప్పుడు మైనారిటీ వాళ్ళకి తలనొప్పి, బ్లాకులో చైనీయుల కోటా నిండితే వాళ్ళకి అమ్మడానికి లేదు, కొనేవాళ్ళు తగ్గిపోయి రేటు పడిపోతుంది. కలిసుండటానికయ్యే ఖర్చు తక్కువమంది ఉన్నవాళ్ళ మీదే ఎక్కువ పడుతోందన్నమాట.

సరిహద్దు_సందేహం:
అందరికీ థాంక్స్. ఛిట్‌మహల్ సంగతి మావాడికి ఫార్వర్డ్ చేశా. "చూశావా, వాళ్ళకి దేశం కన్నా పొలమే ఎక్కువ" అంటున్నాడు. ఇప్పుడేం చెప్పాలి?

రాత్రి_పాఠకురాలు:
ఆయన్ని ఇల్లూ వాకిలీ వదిలేసి రేపు పొద్దున ఇంకో దేశానికి వెళ్ళమంటే వెళ్తారేమో అడగండి.