అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన దయ్యాల కామిక్స్: మూడు లక్షలు పెట్టొచ్చా?

పానగల్లు పంతులు:
అందరికీ నమస్తే. మాది నల్లగొండ పక్కన పానగల్లు. మొన్న ఆదివారం హైదరాబాద్ పోయినప్పుడు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమెరికా దయ్యాల కామిక్స్ ఒక కట్ట కొన్నాను. 'టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్' రెండు, గోల్డ్ కీ కంపెనీ వాళ్ల 'బోరిస్ కార్లాఫ్ టేల్స్ ఆఫ్ మిస్టరీ' ఒకటి, అట్ట ఊడిపోయిన 'క్రీపీ' ఒకటి. అన్నీ కలిపి ఆరు వందలు. క్రిప్ట్ ఒకదాని మీద నంబర్ 3 అని ఉంది, ధర డాలర్లలో ఉంది, కింద బార్‌కోడ్ కూడా ఉంది.

డాలస్‌లో ఉండే మా బామ్మర్ది వీడియో కాల్‌లో చూసి "బావా, ఇవి లక్షలు పలుకుతాయి, ఎవరికీ చూపించకు" అన్నాడు. అంతటితో ఆగలేదు. నేను చిట్టీ ఎత్తిన మూడు లక్షలు పంపితే, ప్లాస్టిక్ డబ్బాల్లో సీలు వేసిన పాత హారర్ కామిక్స్ అక్కడే కొని పెడతాడట. ఐదేళ్లలో డబుల్ అట. మా ఆవిడేమో ఆ పైసలు కట్టంగూర్ దగ్గర ప్లాటుకు బయానా ఇద్దామంటోంది. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. ఇంకోటి, జిరాక్స్ షాపతను లామినేషన్ చేస్తే వందేళ్లు ఉంటాయంటున్నాడు. చేయించమంటారా?

మిర్యాలగూడ మిల్లు:
పంతులు గారూ, ముందు ఆ లామినేషన్ ఆపండి. ఒకసారి వేడి ప్లాస్టిక్ అంటుకుందంటే మళ్లీ ఊడదు. ఆ పుస్తకాన్ని కొనేవాడు ఉండడు.

ఇక మీ క్రిప్ట్ సంగతి. అవి రీప్రింట్లు, డౌటే లేదు. అసలు 'టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్'కు నంబర్ 3 అనేదే లేదు. ఈసీ అనే అమెరికా కామిక్స్ కంపెనీ 1950లో దాన్ని ఏకంగా 20వ సంచికతో మొదలుపెట్టింది. అంతకుముందు నడుస్తున్న 'క్రైమ్ పెట్రోల్' పత్రిక పేరును ముందు 'ద క్రిప్ట్ ఆఫ్ టెర్రర్' అని మార్చి, మూడు సంచికల తర్వాత ఈ పేరు పెట్టి, అదే నంబర్లు కొనసాగించారు. కొత్త పత్రిక అంటే పోస్టాఫీసు రిజిస్ట్రేషన్‌కు మళ్లీ కట్టాలి కదా, ఆ ఖర్చు తప్పించుకున్నారు. 1955లో 46వ సంచికతో ఆగిపోయింది. ధర మొదటి నుంచి చివరిదాకా పది సెంట్లే. బార్‌కోడ్ అనేది కామిక్స్ మీదకు వచ్చిందే 1970ల నడుమ. 1990ల్లో గ్లాడ్‌స్టోన్, రస్ కాక్రన్ వాళ్లు వీటిని మళ్లీ అచ్చేశారు, మీ చేతిలో ఉన్నవి అవే అయి ఉండాలి. లోపల మొదటి పేజీ అడుగున సన్న అక్షరాల్లో సంవత్సరం ఉంటుంది, భూతద్దం పెట్టి చూడండి.

అసలువి ఎందుకంత ప్రియమంటే, వాటిని దాచుకున్నవాళ్లు తక్కువ. పిల్లలు చదివి పారేశారు. పిల్లలు చెడిపోతారని పెద్దలు పోగేసి తగలబెట్టిన ఊళ్లు కూడా ఉన్నాయి. 1954 ఏప్రిల్‌లో అమెరికా సెనేట్ కమిటీ ముందు ఈసీ యజమాని విలియం గేన్స్‌ను కూర్చోబెట్టి, తెగిన తల ఉన్న ముఖచిత్రం చూపించి నిలదీశారు. ఆ ఏడాదే కామిక్స్ కంపెనీలు కలిసి పెట్టుకున్న 'కామిక్స్ కోడ్' అనే నియమాల పట్టిక వచ్చి (దానికి లోబడిన పుస్తకాల అట్ట మీద ముద్ర వేసేవారు), పత్రిక పేరులో 'హారర్', 'టెర్రర్' అనే మాటలే ఉండకూడదంది. ఈ ఒత్తిళ్లకు గేన్స్ హారర్ పత్రికలన్నీ మూసేశాడు.

జడ్చర్ల జంక్షన్:
అన్నా, మీరు మరీ భయపెడుతున్నరు. రేట్లు పెరిగినయి అన్నది నిజమే కదా? బామ్మర్ది చెప్పేది సీలు వేసిన సరుకు గురించి.

మిర్యాలగూడ మిల్లు:
పెరిగాయి తమ్మీ, కాదనను. ఏవి పెరిగాయో చూడాలి. సీలు వేసేది సీజీసీ లాంటి కంపెనీ. 0.5 నుంచి 10 దాకా గ్రేడు ఇస్తుంది. కొనుగోలు కేంద్రంలో వడ్లకు తేమ, తాలు చూసి ధర కట్టినట్టే, ఇక్కడ మడత, తుప్పు, కాగితం రంగు చూసి కడతారు. అదే సంచిక 2.0కు, 9.0కు మధ్య ధరలో పొంతనే ఉండదు. ఊదా రంగు లేబుల్ ఉంటే రిపేరు చేసిన కాపీ అని అర్థం, నీలం దానికంటే బాగా తక్కువకు పోతుంది. లేబుల్ మీది నంబర్ వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి, ఫొటో ఉంటే చేతిలోని దానితో పోల్చుకోకుండా రూపాయి ఇవ్వొద్దు.

మంచి గ్రేడు ఈసీ పుస్తకాలకు మూడు లక్షలు ఓ మూలకు రావు. అందుకే ఆ డబ్బుతో సినిమా గాలికి ఊగే 1970ల సరుకు అంటగడతారు. ఉదాహరణకు 1973లో వచ్చిన 'టూంబ్ ఆఫ్ డ్రాక్యులా' 10వ సంచిక. బ్లేడ్ అనే పాత్ర మొదట కనబడింది అందులోనే. 2019లో కొత్త బ్లేడ్ సినిమా ప్రకటించగానే జనం ఎగబడ్డారు. సినిమా వాయిదాల మీద వాయిదాలు పడింది. లాక్‌డౌన్ రోజుల్లో ఆకాశానికి పోయిన కామిక్స్ మార్కెట్ 2022 తర్వాత దిగింది. రేటు పైన ఉన్నప్పుడు కొన్నవాళ్లు ఇంకా పట్టుకుని కూర్చున్నారు. పైగా అమ్మాలంటే మళ్లీ అమెరికాలోనే అమ్మాలి. వేలం కమీషన్, షిప్పింగ్, గ్రేడింగ్ ఫీజు అన్నీ పోను డబుల్ అంటే ఎక్కడి మాట? పుస్తకం డాలస్‌లో, మీరు పానగల్లులో. మధ్యలో బామ్మర్దితో మొహమాటం. నేనైతే పంపను. ప్లాటు మంచిదా కాదా అన్నది మీ ఇంటి సంగతి, నేను దూరను.

పాలమూరు పాతపుస్తకం:
దయ్యాల మీదే ప్రేమ ఉంటే మన చందమామలు లేవా సార్? శంకర్ గీసిన బేతాళ కథల బొమ్మలు చూడండి, విక్రమార్కుడి భుజం మీద శవం, వెనక శ్మశానం. చేత్తో పట్టుకుని, వాసన చూసి మరీ కొనొచ్చు. ఒక్కటే జాగ్రత్త. బైండు చేసిన సంపుటాలు కొంటే అంచులు చూడండి. బైండరు కత్తెర వేసేటప్పుడు బొమ్మ చివరలు, పేజీ నంబర్లు కూడా లేపేస్తాడు. అట్టలు, యాడ్ పేజీలు చాలాసార్లు ఉండవు. విడి సంచికలే మేలు. లక్షలు వస్తాయని మాత్రం నేను చెప్పను.

పానగల్లు పంతులు:
భూతద్దం పెట్టి చూశాను, 1990ల సంవత్సరమే ఉంది. బామ్మర్దికి ఫొటో పంపితే బ్లూ టిక్ పడింది, జవాబు లేదు. మరి ఆ కార్లాఫ్ పుస్తకం? ధర 15 సెంట్లు, కోడ్ ముద్ర లేదు. అదీ నకలేనా? ఇప్పుడు బీరువా మీద డాంబర్ గోలీలు వేసి పెట్టాను.

మిర్యాలగూడ మిల్లు:
అది అసలుదే. గోల్డ్ కీ వాళ్లు కోడ్‌లో చేరనే లేదు, కాబట్టి ముద్ర ఉండదు. 15 సెంట్లంటే 1970 అటూఇటూ. దొరికే సరుకే, పెద్ద ధర రాదు గానీ, ముఖచిత్రం రంగులతో పెయింటింగ్ వేసింది, ఉంచుకోండి. అట్ట లేని క్రీపీ చదువుకోవడానికే.

బీరువా మీద నుంచి తీసేయండి, మే నెలలో స్లాబు వేడికి ఆ న్యూస్‌ప్రింట్ అప్పడంలా విరుగుతుంది. బీరువా లోపల కింది అరలో, గోడకు ఆనకుండా పెట్టండి. డాంబర్ గోలీలు వద్దు. బుక్‌షాపు పీవీసీ కవర్లూ వద్దు, కొన్నాళ్లకు ఇంకుకు అతుక్కుంటాయి. మైలార్ గానీ పాలీప్రొపిలీన్ గానీ ప్లాస్టిక్ కవరు, వెనక యాసిడ్ లేని అట్ట, వానాకాలంలో పక్కన సిలికా జెల్ పొట్లం. స్టేపుల్స్ తుప్పు పట్టినా పీకకండి.