మిచిజానె కుట్ర చేశాడా, బలైపోయాడా?

తాళపత్రం:
901వ సంవత్సరం మొదటి నెల 25న జపాన్ కుడి మంత్రి (ఎడమ మంత్రి తర్వాతి స్థానం) సుగవారా నో మిచిజానెను రాజధాని నుంచి క్యూషూ దీవిలోని దజైఫుకి పంపేశారు. పేరుకి ఉద్యోగమే, అసలు సంగతి బహిష్కారం. 903లో అక్కడే పోయాడు. యువ చక్రవర్తి దైగోని దించేసి, తన అల్లుడైన దైగో తమ్ముణ్ణి గద్దె ఎక్కించాలని చూశాడన్నది ఆరోపణ. ఇవాళ ఆయన చదువుల దేవుడు. పరీక్షల ముందు పిల్లలు ఆయన గుళ్లకి మొక్కుకుంటారు. అందుకే 'అమాయకుడు, ఎడమ మంత్రి ఫుజివారా నో తోకిహిరా అన్యాయం చేశాడు' అని అందరూ తేల్చేస్తారు. నేనలా అనుకోను. కుట్ర ఆయన పన్నలేదు గానీ, దాని వాసన తెలిసీ నోరు మెదపలేదని నా అభిప్రాయం.

నాగావళి:
తాళపత్రం గారూ, దజైఫులో ఆయన రాసిన చైనా భాషా పద్యం ఒకటి చూడండి. నిరుడు ఇదే రాత్రి రాజమందిరంలో శరదృతువు మీద పద్యం చెప్పాను, చక్రవర్తి మెచ్చి వస్త్రం ఇచ్చాడు, అది ఇప్పుడు నా దగ్గరే ఉంది, రోజూ రెండు చేతులా పట్టుకుని దాని పరిమళానికి నమస్కరిస్తున్నాను అంటాడు. ఆ చక్రవర్తి దైగోనే! దించాలనుకున్నవాడి మీద ఈ భక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

కృష్ణాతీరం:
పద్యం గొప్పదే. సాక్ష్యంగా మాత్రం నిలబడదు. చనిపోయే ముందు ఆ పద్యాలన్నీ రాజధానిలో ఉన్న మిత్రుడు కి నో హసేవోకి పంపించాడు. అంటే పదిమందీ చదవాలనే రాశాడు. పైగా ఈయన లోకం తెలియని కవేమీ కాదు. ఒక కూతుర్ని దైగో తండ్రి, మాజీ చక్రవర్తి ఉదాకి, ఇంకో కూతుర్ని దైగో తమ్ముడికి ఇచ్చాడు. పండిత కుటుంబం నుంచి వచ్చినవాడికి ఇంత వియ్యం ఊరికే కుదరదు.

తాళపత్రం:
నేను పట్టుకున్నది వియ్యాన్ని కాదు. 901 ఏడో నెల నాటి ఒక నివేదిక ఉంది. ఫుజివారా నో కియోత్సురా అనే అధికారి క్యూషూ వెళ్లి వచ్చి, దజైఫులో మిచిజానె తనతో అన్న మాట చక్రవర్తికి చెప్పాడు. 'నేనుగా ఏమీ తలపెట్టలేదు, కానీ మినమోతో నో యోషి ప్రేరేపణ నుంచి తప్పించుకోలేకపోయాను' అన్నాడట. ఈ యోషి ఆస్థాన అధికారి, ఇతణ్ణి కూడా అదే సమయంలో ఇజుమో రాష్ట్రానికి దించి పంపారు. అంటే ఎవరో వచ్చి ఏదో మాట్లాడారు, ఈయన విన్నాడు, పై వాళ్లకి చెప్పలేదు. మంత్రి పదవిలో ఉన్నవాడికి అది చిన్న విషయం కాదు.

నాగావళి:
ఆ మాట చెప్పిందెవరో మీరే రాశారు, తోకిహిరా వంశంవాడైన ఒక ఫుజివారా! చక్రవర్తి డైరీలోదంటూ దాన్ని ఎత్తిరాసిన గ్రంథం కూడా దాదాపు రెండు శతాబ్దాల తర్వాతది. దాని మీద తీర్పు ఎలా చెప్తాం? అంతకన్నా గట్టి ఆధారం ఈయన్ని పంపేసిన రాజశాసనంలోనే ఉంది. 900లో పండితుడు మియోషి నో కియోయుకి ఈయనకి ఉత్తరం రాశాడు: విద్యాశాఖ నుంచి మంత్రి పదవికి ఎగబాకారు, ఎక్కడ ఆగాలో తెలుసుకుని తప్పుకోండి అని. నాలుగు నెలలు తిరక్కుండా వచ్చిన శాసనం ఏమంటుంది? బీద ఇంటి నుంచి మంత్రి అయ్యాడు, ఎక్కడ ఆగాలో తెలియలేదు అని! మాట కూడా మార్చలేదు. ఈయన అసలు నేరం ఎదగడం. దైగోకి అప్పటికి కొడుకులు లేరు. తోకిహిరా చెల్లెలు 901లోనే దైగోకి రాణి అయింది, ఆమెకు పుట్టబోయే బిడ్డకి దారి కావాలి. ఇంతకన్నా ఏం చెప్పాలి?

ఈయన ఎలాంటివాడో కూడా మరచిపోవద్దు. 886 నుంచి 890 వరకు సనుకి రాష్ట్రానికి గవర్నరుగా ఉన్నప్పుడు 'చలి ముందుగా ఎవరికి వస్తుంది' అంటూ పది పద్యాలు రాశాడు. ఉప్పు అమ్ముకునేవాడు, కూలికి పడవ నడిపేవాడు, పన్ను కట్టలేక పారిపోయి తిరిగొచ్చినవాడు, తల్లీతండ్రీ లేని పిల్లవాడు, ఒక్కొక్కరికీ ఒక పద్యం. ఆ రోజుల్లో ఏ పెద్దమనిషి రాశాడు ఇలా?

పాతబంగారం:
923లో పదవి తిరిగి ఇచ్చి, ఆ శాసనాన్నే కాల్పించారు కదా. నిర్దోషి అని వాళ్లే ఒప్పుకున్నట్టు కాదా?

కృష్ణాతీరం:
కాదండీ, అది భయం. తోకిహిరా 909లో చిన్న వయసులోనే పోయాడు. 923లో అతని మేనల్లుడైన యువరాజు పోయాడు. మిచిజానె ఆత్మ పగబట్టిందన్నారు, ఆ వెంటనే క్షమాపణ. 930లో రాజమందిరం మీద పిడుగు పడి చనిపోయినవాళ్లలో ఆ కియోత్సురా కూడా ఉన్నాడు. ఆ ఏడే దైగో కూడా పోయాడు. జనం నమ్మకం బలపడింది. ఇందులో విచారణ ఎక్కడుంది?

తాళపత్రం:
నాగావళి గారూ, శాసనం గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. అది పాత అక్కసుతో రాసిందే. ఉదాని మాయమాటలతో మోసగించాడని అందులో ఇంకో మాట ఉంది. అదీ నమ్మలేను. అప్పటికే సన్యాసం పుచ్చుకున్న ఆ ఉదా, సంగతి తెలియగానే కోట దగ్గరికి పరుగున వచ్చాడు, కాపలావాళ్లు లోపలికి వదల్లేదు, సాయంత్రం దాకా బయటే కూర్చుని వెనుదిరిగాడు. మోసపోయానని అనుకున్నవాడు అలా చేయడు. తండ్రిని కొడుకు గుమ్మం బయట నిలబెట్టాడంటే గొడవ ఉదాకీ దైగోకీ మధ్యే. మిచిజానె ఉదా మనిషి, దెబ్బ ఆయనకి తగిలింది. కానీ యోషి సంగతి దగ్గర మాత్రం నేను కదలను. కియోత్సురాకి అబద్ధం అల్లాలని ఉంటే 'నేరం ఒప్పుకున్నాడు' అనే చెప్పేవాడు. 'తానుగా ఏమీ తలపెట్టలేదన్నాడు' అని ఎందుకు కలుపుతాడు? దీనికి జవాబు చెప్పండి, నా మాట వెనక్కి తీసుకుంటాను.