ఎండలో వాష్ (పలుచని నీటిరంగు పూత) ఆరిపోయి గీతలు పడుతున్నాయి
నల్లగొండ దగ్గరి పానగల్లులో, మూడు గర్భగుళ్లున్న త్రికూటాలయమైన ఛాయా సోమేశ్వరాలయాన్ని అక్కడే కూర్చుని నీటిరంగుల్లో చిత్రించాలని మూడు ఆదివారాలుగా ప్రయత్నిస్తున్నాను. ఉదయం తొమ్మిదిన్నరకు, అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ సియెన్నా (నీలంలో ఎర్రటి గోధుమరంగు) కలిపి రాతిగోడ నీడను పరుస్తుంటే, జానెడు దూరం వచ్చేసరికే మొదట వేసిన చోటు ఆరిపోయి, గోటితో గీసినట్టు గట్టి గీత తేలుతోంది. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాటన్, కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకైన) రకం. బ్రష్ 12వ నంబరు గుండ్రనిది. గొడుగు నీడలో కూర్చున్నాను, కాగితాన్ని రెండువైపులా తడిపాను, చివరికి ఆరడం నెమ్మదించాలని రంగునీటిలో రెండు చుక్కల గ్లిజరిన్ కలిపాను. దానితో గీత తగ్గింది గానీ, గంట గడిచినా జిగట పోక, రెండో పూత కింది రంగును లేపేసింది. ఇంట్లో ఇదే కాగితంపై ఈ ఇబ్బంది లేదు కనుక తప్పు కాగితానిది కాదనుకుంటున్నాను. కింది రంగు లేవకుండా, ఇలాంటి ఎండలో జానెడున్నర నీడను అతుకు కనబడకుండా పరచాలంటే నేను ఏం మార్చాలి?